ఇంటి పన్ను చీటీలో దొరికిన చరిత్ర

ఏటా శీతాకాలం మొదలవుతుండగా మా ఇంటికి కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి ఒక కవరు వస్తుంది. అందులో ఇంటి పన్ను చీటీ ఉంటుంది. డాలస్ ఉత్తర శివార్లలో ఉండే తెలుగువాళ్ళకు దాని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు; టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడుతూ వచ్చిన ప్రతివాడూ ఇల్లు కొన్న మొదటి ఏడాదే ఆ కవరు విప్పి గతుక్కుమంటాడు. నగరానికింత, కౌంటీకింత, కమ్యూనిటీ కాలేజీకింత అని వరసగా ఉన్న పద్దుల్లో అన్నిటికన్నా పెద్దది స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మా ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, పద్దు. మా చీటీలో అది మొత్తంలో సగానికి పైమాటే. ఈ ఇల్లు కొనేటప్పుడు వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా అని మా ఆవిడ చూసింది, స్కూలు రేటింగ్ పదికి ఎంత అని నేను చూశాను. బడి మంచిదైతే ఇంటి ధర పెరుగుతుంది, ఇంటి ధర పెరిగితే బడికి డబ్బు పెరుగుతుంది, డబ్బు పెరిగితే బడి ఇంకా మంచిదవుతుంది. ఈ గానుగను ఎవరు బిగించారన్న ఆలోచన అప్పట్లో నాకు రాలేదు. ఎద్దునై దాని చుట్టూ తిరగడానికి ముప్పై ఏళ్ళ అప్పు మీద సంతకం పెట్టి వచ్చాను.

అమెరికా చదువుల చరిత్ర చదివే అలవాటు నాకు ఆ చీటీ వల్లే పట్టుకుంది. అంతకుముందు పాతికేళ్ళుగా ఆ చదువును వాడుకున్నానే గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు. మనవాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి. యూనివర్సిటీ అంటే ర్యాంకు, బడి అంటే రేటింగు, రెండింటి మధ్యా వీసా. ఈ అజ్ఞానం నిరపాయకరమైనదైతే నేనీ వ్యాసం రాయను. కానీ దానిలోంచి ఒక నమ్మకం పుట్టి మన ఇళ్ళలోనూ, మన రెండు రాష్ట్రాల విద్యావిధానాల మీద జరిగే చర్చల్లోనూ పాతుకుపోయింది. అమెరికా విద్య అంత గొప్పగా ఉండడానికి కారణం అది ప్రైవేటు కావడమేనని ఆ నమ్మకం. చరిత్ర చదివిన కొద్దీ నాకు కనిపించింది దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి. ఆ విద్యను నిలబెట్టింది ప్రజల సొమ్ము, ప్రభుత్వం పంచిపెట్టిన నేల. ఆ సొమ్ము ఎవరి పిల్లలకు అందాలన్న తగువు దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా నడుస్తోంది, ఇంకా తెగలేదు.

ఈ మాట అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, మరి హార్వర్డ్ ప్రైవేటే కదా అని. ఇప్పుడు ప్రైవేటే. కానీ 1636లో దాన్ని పుట్టించింది మసాచుసెట్స్ కాలనీ శాసనసభ. 400 పౌండ్లు ఇస్తామని తీర్మానం చేసింది. రెండేళ్ళ తర్వాత చనిపోతూ తన ఆస్తిలో సగాన్నీ, సుమారు 400 పుస్తకాలనూ ఇచ్చిన జాన్ హార్వర్డ్ పేరు దానికి నిలిచిపోయింది గానీ, అసలు కాలేజీ ఆయన కంటే ముందే ఉంది. 1640లో చార్లెస్‌టౌన్‌కూ బాస్టన్‌కూ మధ్య నడిచే పడవ రేవు ఆదాయాన్ని ఆ కాలేజీకి రాసిచ్చారు. 1644లో న్యూ ఇంగ్లండ్ కాలనీల్లో ఇవ్వగలిగిన ప్రతి కుటుంబాన్నీ ఏటా పావు బుషెల్ గింజలు గానీ, 12 పెన్నీలు గానీ కాలేజీకి ఇమ్మని అడిగారు. కళ్ళం దగ్గర కుంచంతో కొలిచి గుడికీ, బడిపంతులికీ వేరుగా తీసిపెట్టే పద్ధతి తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. 1647లో అదే కాలనీ 50 ఇళ్ళున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతులిని పెట్టుకోవాలనీ, 100 ఇళ్ళున్న ఊరు గ్రామర్ స్కూలు పెట్టాలనీ చట్టం చేసింది. జనం బైబిలు చదవకుండా చేయడమే సైతాను పన్నాగమని, దాన్ని ఎదుర్కోవడానికే ఈ చట్టమని దాని పీఠికలో రాసుకున్నారు. కారణం ఏదైనా, పిల్లల చదువు ఊరి బాధ్యత అన్న మాట అక్కడ చట్టంలోకి ఎక్కింది.

దేశం స్వతంత్రమయ్యాక ఆ బాధ్యతను నేల మీద గీతలు గీసి మరీ చూపించారు. 1785 నాటి భూమి చట్టం పడమటి భూములను టౌన్‌షిప్పులుగా కొలిపించింది. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు చొప్పున 36 గళ్ళు, ఒక్కో గడి చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. అందులో పదహారో గడిని ఆ టౌన్‌షిప్పులోని బడి కోసం విడిచిపెట్టాలి. ఊరు పుట్టక ముందే, ఇల్లు లేవకముందే, బడి వాటా కాగితం మీద సిద్ధమైపోయింది. సర్వేయరు గొలుసు పట్టుకుని నడిచిన ఆ నేల అప్పటికి ఖాళీగా ఏమీ లేదన్నది మాత్రం ఆ కాగితంలో ఉండదు.

అసలు కథ 1862లో వచ్చిన మోరిల్ చట్టంతో మొదలవుతుంది. దాన్ని తెచ్చిన జస్టిన్ మోరిల్ వెర్మాంట్‌కు చెందిన కమ్మరి కొడుకు. తానే కాలేజీ మెట్లెక్కలేదు. అంతకుముందు ఇదే బిల్లును అధ్యక్షుడు బుకానన్ తిరగ్గొట్టాడు. అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది సభ్యులు కాంగ్రెస్ విడిచి వెళ్ళాక అది మళ్ళీ ముందుకు వచ్చింది, లింకన్ సంతకం పెట్టాడు. రాష్ట్రానికి ఉన్న ఒక్కో సెనేటరుకూ, ఒక్కో ప్రతినిధికీ 30,000 ఎకరాల చొప్పున సమాఖ్య భూమి ఇస్తారు. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీ పెట్టాలి. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో చదివే మన పిల్లలు ఎంతమందో ఉన్నారు. ఆ 'ఏ' వ్యవసాయమనీ, ఆ 'ఎమ్' యంత్రవిద్య అనీ వాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. పర్‌డ్యూ, ఒహాయో స్టేట్, మిషిగన్ స్టేట్, అయోవా స్టేట్, కాన్సాస్ స్టేట్, చివరికి మన ఐఐటీ తల్లిదండ్రులు కలవరించే ఎంఐటీ కూడా ఈ చట్టం సొమ్ము తిన్నవే. పడమర సమాఖ్య భూమి తనకు లేని న్యూయార్క్ రాష్ట్రానికి 9,90,000 ఎకరాలకు పత్రాలు వచ్చాయి. ఎజ్రా కార్నెల్ ఆ పత్రాలతో విస్కాన్సిన్ పైన్ అడవులను ఎంచుకుని, ధర పెరిగేదాకా పట్టి ఉంచి, తన పేరుతో వెలసిన యూనివర్సిటీకి మూలధనం కూర్చాడు.

అలా పంచిన భూమి మొత్తం కోటి ఎకరాలకు పైన. అది సుమారు 250 ఆదివాసీ జాతుల నుంచి ఒప్పందాల పేరుతోనూ, బలవంతంగానూ తీసుకున్న నేల. కొన్ని చోట్ల ఎకరానికి ముట్టజెప్పింది కొన్ని సెంట్లు, కొన్ని చోట్ల అదీ లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ విషయం చదివినప్పుడు నాకు మన అగ్రహారాలూ, ఈనాములూ గుర్తుకొచ్చాయి. రాగిరేకు మీద దానం ఇచ్చిన రాజు పేరు ఉంటుంది, పుచ్చుకున్న పండితుడి గోత్రం ఉంటుంది, అంతవరకూ ఆ పొలం దున్నినవాడి పేరు ఉండదు. ప్రజావిద్య ఉన్నతమైన ఆలోచన అనడానికీ, దాని పునాదిలో దోపిడీ ఉంది అనడానికీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమంటారు చర్చల్లో. నేను ఎంచుకోను. రెండూ ఒకే చట్టంలో, ఒకే సంతకం కింద ఉన్నాయి.

ఈ చట్టం గాలి మా ఇంటిదాకా వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా పెద్దమామయ్య 1960ల చివర రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాడు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఈ మోరిల్ చట్టపు కాలేజీల (ల్యాండ్ గ్రాంట్) నమూనా మీదే ఏర్పడింది; అమెరికా ప్రభుత్వ సాయంతో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ దానికి చేయూతనిచ్చింది. పాఠం, పరిశోధన, రైతు దగ్గరికి వెళ్ళి చెప్పే విస్తరణ, ఈ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నది కాన్సాస్ నుంచి వచ్చిన ఆలోచనే. మామయ్య చెప్పే కబుర్లలో 'కాన్సాస్ దొరలు' తరచూ వచ్చేవారు. "మాకు పాఠం చెప్పిన మాస్టారే పరీక్ష పెట్టేవాడురా, ఆయనే దిద్దేవాడు, మార్కులు కాదు గ్రేడు పాయింట్లు వేసేవాడు. ఊళ్ళో చెబితే ఒక్కడూ నమ్మలేదు, మాస్టారికి నెయ్యి డబ్బా పంపితే సరిపోతుందిగా అన్నారు" అని నవ్వేవాడు. నేను చదివిన తెలుగు కాలేజీల్లో మాత్రం ప్రశ్నపత్రం ఎవరో తయారుచేసేవారు, ఇంకెవరో దిద్దేవారు, పాఠం చెప్పినవాడికి మా మీద ఏ అధికారమూ ఉండేది కాదు. ఆ విశ్వవిద్యాలయం ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండయింది, గుంటూరు పక్కన లాంలో రంగా గారి పేరుతో, రాజేంద్రనగర్‌లో జయశంకర్ గారి పేరుతో. వరి వంగడాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ తలుచుకునేవాళ్ళు కూడా అమెరికా విద్య అనగానే మళ్ళీ ప్రైవేటు అనే అంటారు.

ఇంకో పాత సంబంధం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా ఉండి, సొంత వ్యాపారాల గొడవల్లో పదవి పోగొట్టుకున్న ఎలైహు యేల్, 1718లో తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, ఇంగ్లండ్ రాజు బొమ్మ ఒకటి కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి పంపాడు. సరుకు అమ్మితే సుమారు 562 పౌండ్లు వచ్చాయి, కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది. ఆయన కొడుకు సమాధిని చెన్నైలో ఇప్పటి హైకోర్టు ఆవరణలోనే కట్టారు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు ఆ విశ్వవిద్యాలయం 2024లో క్షమాపణ చెప్పింది. కోరమాండల్ తీరం మీద సంపాదించిన డబ్బు ఎవరి వీపు మీద సంపాదించిందన్న ప్రశ్న మనం కూడా అడగవచ్చు.

ఉద్యోగం కోసం వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకు, చరిత్ర కూడు పెడుతుందా అని మా తమ్ముడు ఫోనులో విసుక్కుంటాడు. కూడు పెట్టకపోవచ్చు, కొన్నిసార్లు కాళ్ళకు బేడీలు పడకుండా చూస్తుంది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు అందులో చేరిన వెయ్యిమందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్ళలో చాలామంది మన తెలుగు పిల్లలు. కొందరి చీలమండలకు రేడియో పట్టీలు వేసిన ఫోటోలు మన పత్రికల్లో మొదటి పేజీలో వచ్చాయి. ఆ రోజుల్లో తల్లిదండ్రులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ప్రభుత్వ గుర్తింపు లేకుండా యూనివర్సిటీ ఎలా నడుస్తుంది? మన యూజీసీని మనసులో పెట్టుకుని అడిగిన ప్రశ్న అది. అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే లేదు. అది రాష్ట్రాలకు వదిలేసిన వ్యవహారం. విదేశీ విద్యార్థులకు వీసా కాగితం ఇచ్చే అనుమతి వేరు, చదువుకు విలువ ఉందని చెప్పే అక్రెడిటేషన్ వేరు. ఆ రెండోది ప్రభుత్వం కాదు, 1885లో న్యూ ఇంగ్లండ్‌తో మొదలుపెట్టి బడులూ కాలేజీలూ తమలో తాము పెట్టుకున్న సంఘాలు ఇస్తూ వచ్చాయి.

ఆ సంఘాల మాటకు బలం ఎప్పుడు వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం 1944లో జీఐ బిల్ తెచ్చారు. ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పైన బతకడానికి భత్యం ప్రభుత్వమే ఇచ్చింది. సుమారు 22 లక్షల మంది దానితో కాలేజీకి వెళ్ళారు. 1947లో కాలేజీల్లో చేరినవాళ్ళలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. దక్షిణాదిలో నల్లజాతి సైనికుడికి ఆ కాగితం చేతిలో ఉన్నా తలుపు తెరిచే కాలేజీలు చాలా తక్కువ, అది వేరే గాయం. డబ్బు ప్రభుత్వానిది, కాలేజీ ఎవడిదైనా సరే అనేసరికి రాత్రికి రాత్రి శిక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. దొంగ హాజరు, దొంగ లెక్కలు. అందుకే 1952లో వచ్చిన తర్వాతి చట్టం ఈ డబ్బును అక్రెడిటేషన్‌తో ముడిపెట్టింది. ఇదంతా చదువుతుంటే నాకు మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రోజులు కళ్ళ ముందు కదిలాయి. పథకం లేకపోతే ఇంజనీరింగ్ గడప తొక్కలేని ఇళ్ళ పిల్లలు ఎందరో చదువుకున్నారు, నేను దాన్ని తప్పు పట్టను. కానీ రోడ్డు పక్క పొలాల్లో లేచిన కాలేజీ భవనాల్లో ల్యాబు తాళం తనిఖీ రోజున మాత్రమే తెరిచేవాళ్ళని ఆ పిల్లలే చెప్పారు. ఎనిమిదేళ్ళలో అమెరికా నేర్చుకున్న పాఠం పుస్తకాల్లో ఉంది, మనం ఆ పేజీ తిప్పలేదు. ఇక 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతంటారా, అది అక్కడి ఇమిగ్రేషన్ శాఖే వేసిన వల. అలాంటిచోట ఏ చరిత్ర చదివినా ఎంతవరకు కాపాడేదో చెప్పడం కష్టం.

డబ్బు ఎవరు పెట్టారన్న ప్రశ్న వెనకే, లోపల ఎవరిని కూర్చోబెట్టారన్న ప్రశ్న వస్తుంది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్లజాతి పిల్లల హైస్కూలు చాలక తారుకాగితం కప్పిన పాకల్లో తరగతులు నడిపేవారు. 1951లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి సమ్మె చేయించింది. ఆ గొడవ కోర్టుకెక్కి, 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదన్న బ్రౌన్ తీర్పులో కలిసింది. తీర్పును అమలు చేయమని ఒత్తిడి వచ్చేసరికి ఆ కౌంటీ 1959లో ఏకంగా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ వెలిసింది, వాళ్ళ ఫీజులకు ప్రభుత్వ గ్రాంట్లు కూడా అందాయి. నల్లపిల్లలకు 1964 దాకా, అంటే అయిదేళ్ళు, ప్రభుత్వ బడి లేదు. ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లవాడు నాలుగైదేళ్ళు ఆలస్యంగా పలక పట్టుకున్నాడు. టెక్సాస్‌లో ప్రైవేటు బడి ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే చట్టం 2025లో వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్ల బొమ్మలు చూశాను. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వాదించుకోవచ్చు. అది ఒకప్పుడు దక్షిణాదిలో ఏ పనికి వాడారో తెలిసి వాదించుకుంటే మేలు. న్యూయార్క్‌లో 1847లో పుట్టి ఉచితంగా చదువు చెప్పిన సిటీ కాలేజీ కుటుంబం 1970లో హైస్కూలు పాసైన అందరికీ తలుపులు తెరిచింది, తరగతుల్లో నల్లముఖాలూ ప్యూర్టో రికో ముఖాలూ పెరిగాయి, 1976లో నగరం ఖజానా ఖాళీ అయిందని ఫీజు పెట్టారు. ఖజానా ఖాళీ అయిన మాట నిజమే. నూట ఇరవై తొమ్మిదేళ్ళు ఆగిన ఫీజు ఆ ఆరేళ్ళ తర్వాతే వచ్చిన మాటా నిజమే.

ఇప్పుడు నా పన్ను చీటీ దగ్గరికి వస్తాను. శాన్ ఆంటోనియోలో డిమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకు పనివాడు, పిల్లల తండ్రి, తోటి తల్లిదండ్రులతో కలిసి 1968లో ఒక దావా వేశాడు. ఆయన ఉండేది ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్‌లో. 22,000 మంది విద్యార్థులు, నూటికి తొంభై మంది మెక్సికన్ అమెరికన్లు. అదే నగర ప్రాంతంలో, అదే కౌంటీలో అలమో హైట్స్ అనే ఇంకో డిస్ట్రిక్ట్ ఉంది. ఎడ్జ్‌వుడ్ జనం నూరు డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను కట్టారు, ఆ ప్రాంతంలో అంతకన్నా ఎక్కువ రేటు ఇంకెక్కడా లేదు. అలమో హైట్స్ జనం 85 సెంట్లు కట్టారు. ఆ ఎక్కువ కట్టిన పన్నుతో ఎడ్జ్‌వుడ్‌కు ఒక్కో పిల్లవాడి మీద దక్కింది 26 డాలర్లు. తక్కువ కట్టిన అలమో హైట్స్‌కు దక్కింది 333. ఆస్తుల విలువలోనే ఆ తేడా ఉంది: ఒక్కో విద్యార్థి లెక్కన ఎడ్జ్‌వుడ్‌లో 5,960 డాలర్ల ఆస్తి, అలమో హైట్స్‌లో 49,000కు పైన. రాష్ట్రం, సమాఖ్య ఇచ్చినవి కలిపినా 356 ఒక చోట, 594 ఇంకో చోట.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1973 మార్చిలో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయ్యారు. విద్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు కాబట్టి ఈ తేడా చెల్లుతుందని తీర్పు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ అంతకుముందు రిచ్‌మండ్ స్కూలు బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేసినవాడు. బ్రౌన్ కేసు వాదించి గెలిచిన థర్‌గుడ్ మార్షల్ ఈసారి అదే కోర్టులో ఓడినవైపు కూర్చుని అసమ్మతి రాశాడు. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు అమెరికా విద్యను బ్రౌన్ తీర్పు ఎంత మార్చిందో ఈ తీర్పు అంత బిగించింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చన్నది మొదటిది తేల్చింది. చిరునామాను బట్టి డబ్బు ఉండవచ్చని రెండోది ఒప్పుకుంది. రంగు పేరు ఎత్తనక్కర లేకుండానే పని జరిగిపోయే దారి అది. మేము ఇల్లు వెతికిన సైటులో పదికి ఎన్నో చూపించే ఆ చిన్న ఆకుపచ్చ అంకె ఈ తీర్పుకు మనుమరాలు.

టెక్సాస్‌లో కథ అక్కడితో ఆగలేదు. అదే ఎడ్జ్‌వుడ్ ఈసారి రాష్ట్ర రాజ్యాంగాన్ని పట్టుకుని రాష్ట్ర సుప్రీంకోర్టులో 1989లో గెలిచింది. 1993లో శాసనసభ, ఆస్తి ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులు పన్నులో కొంత భాగాన్ని వదులుకోవలసిన చట్టం చేసింది. దానికి, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచిన కథల్లోని దొంగ రాబిన్ హుడ్ పేరు పెట్టి ముప్పై ఏళ్ళుగా తిడుతున్నారు. తిట్టేవాళ్ళలో మనవాళ్ళ గొంతు ఇప్పుడు బాగానే వినిపిస్తుంది.

పోయిన జనవరిలో, పన్ను గడువు 31వ తేదీ దగ్గరపడుతుండగా, మా వీధి చివర ఉండే ఒక గుంటూరు పెద్దాయన సాయంత్రం నడకలో కలిసి ఇదే మాట ఎత్తారు. "మనం చెమటోడ్చి కడితే ఎవరి పిల్లలకో పంపడం ఏం న్యాయమండీ?" అన్నారు. నేను ఆగి, వీధి దీపం కింద ఫోనులో రాసుకున్న లెక్క తీసి చూపించాను, ఇరవై ఆరు ఒకవైపు, మూడు వందల ముప్పై మూడు ఒకవైపు. ఎవరు ఎక్కువ రేటు కట్టారో, ఎవరికి ఎక్కువ దక్కిందో వివరించి చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి రెండుసార్లు చదివారు. కాసేపు మాట్లాడకుండా నడిచాం. మా ఇంటి మలుపు దగ్గర ఆగి, "ఆ అలమో హైట్స్‌లో ఇళ్ళు ఇప్పుడెంతున్నాయంటారు? మా అమ్మాయి వాళ్ళు శాన్ ఆంటోనియో మారుతున్నారు" అన్నారు.